ఇస్త్రీ పెట్టె సంగతి బీమా కంపెనీకి చెప్పాలా? ఓచరు మీద సంతకం పెట్టాలా?

పేరు, ఊరు వెల్లడించవద్దని కోరుతూ ఒక పాఠకురాలు రాసిన సుదీర్ఘమైన ఉత్తరానికి ఇది సారాంశం. రెండు నెలల క్రితం కుటుంబమంతా బంధువుల ఇంట్లో శుభకార్యానికి వెళ్ళిన సమయంలో వాళ్ళ రెండంతస్తుల సొంత ఇంట్లో మంటలు చెలరేగాయి. పై అంతస్తులోని పడకగది పూర్తిగా కాలిపోయింది. పక్కనున్న హాలు, మెట్ల దారి పొగచూరిపోయాయి. మంటలు ఆర్పడానికి కొట్టిన నీళ్ళు కిందికి దిగి, కింది అంతస్తులోని సామాను కూడా తడిసి పాడైంది. బయలుదేరే ముందు ఆమె చీర ఇస్త్రీ చేసుకుంటూ ఉండగా కరెంటు పోయింది. ఆ హడావుడిలో స్విచ్ ఆపారో లేదో ఎంత ఆలోచించినా ఆమెకు గుర్తు రావడం లేదు. "మంట మొదలైంది ఆ గదిలోనే. చేతులారా నా ఇల్లు నేనే తగలబెట్టుకున్నానేమోనన్న ఆలోచనతో రాత్రుళ్ళు కంటి మీద కునుకు పట్టడం లేదు" అని రాశారు. ఈ సంగతి భర్తకు, మరిదికి తప్ప మరెవరికీ తెలియదు.

క్లెయిమ్ ఫారం నింపిన మరిది, ప్రమాద కారణం అన్న గడిలో "షార్ట్ సర్క్యూట్" అని రాయగా ఆమె సంతకం పెట్టారు. ఇంట్లోని సామాన్ల వివరమైన జాబితా ఇంకా ఇవ్వవలసి ఉంది. కంపెనీవాళ్ళు ఎలాగూ సగానికి కోస్తారు కాబట్టి, ఎన్నడూ కొనని బీరువా, సోఫా కూడా అందులో చేర్చమని మరిది పట్టుబడుతున్నారు. నష్టాన్ని అంచనా వేసే సర్వేయర్ వచ్చేలోపే భర్త కూలీలను పెట్టి కాలిన సామాను చాలావరకు బయట పారబోయించారు. కింది అంతస్తు ముందు గదిలో ఆమె మూడు కుట్టు మిషన్లు పెట్టుకొని బట్టలు కుట్టి ఇస్తారు. ఇంటి అప్పు తీసుకున్నప్పుడు బ్యాంకువాళ్ళే ఇప్పించిన పాలసీలో ఆ మాట ఎక్కడా లేదు. ఇప్పుడు కంపెనీ నుంచి డిశ్చార్జ్ ఓచరు, అంటే ఇంత మొత్తానికి ఒప్పుకుంటున్నామని సంతకం చేసి ఇవ్వవలసిన పత్రం, వచ్చింది. అందులోని మొత్తం, ఇల్లు బాగుచేయడానికి మేస్త్రీ చెప్పిన ఖర్చులో సగం కూడా లేదు. అద్దె ఇంటి ఖర్చు, బ్యాంకు కిస్తీలు కలిసి మీద పడటంతో భర్త "వచ్చిందే చాలు, సంతకం పెట్టేద్దాం" అంటున్నారు. ఏం చేయాలన్నది ఆమె ప్రశ్న.

మీ ఉత్తరంలో అన్నిటికంటే బరువైన మాట ఇస్త్రీ పెట్టె గురించి రాసినదే కాబట్టి మొదట దాని గురించే చెబుతాను. అగ్నిప్రమాద బీమా ఉన్నది ముఖ్యంగా ఏమరుపాటు వల్ల జరిగే నష్టాలకే. పొయ్యి మీద గిన్నె మరిచిపోవడం, దీపం ఆర్పకుండా నిద్రపోవడం, ఇస్త్రీ పెట్టె స్విచ్ ఆపకపోవడం వంటి పొరపాట్లను తీసేస్తే ఇళ్ళలో జరిగే అగ్నిప్రమాదాల్లో చాలావాటికి బీమాయే వర్తించదు. పాలసీ మినహాయించేది కావాలని పెట్టిన మంటను. తగిన జాగ్రత్త తీసుకోవాలనే షరతు కొన్ని పాలసీల్లో ఉంటుంది. దాని అర్థం ప్రమాదం ఉందని తెలిసి తెలిసీ లెక్కచేయకుండా ప్రవర్తించకూడదని. మామూలు మరుపు ఎవరికైనా ఉంటుంది. 1941లో ఇంగ్లండ్‌లో ఒక కోర్టు ముందుకు ఇలాంటి వ్యవహారమే వచ్చింది. ఒకావిడ దొంగల భయంతో నగలను ఇంట్లోని నిప్పుగూటిలో బొగ్గుల కింద దాచి, తరువాత ఆ సంగతే మరిచిపోయి, తానే అక్కడ నిప్పు రాజేసుకున్నారు. మంట ఉండవలసిన చోటే ఉంది కాబట్టి ఇది అగ్నిప్రమాదం కిందికి రాదని బీమాదారులు వాదించారు. నిప్పు నగల దగ్గరికి వెళ్ళినా, నగలు నిప్పు దగ్గరికి వెళ్ళినా అనుకోకుండా జరిగిన నష్టం నష్టమేనని కోర్టు ఆమె పక్షాన తీర్పు చెప్పింది. ఆవిడ మరుపుతో పోలిస్తే మీది ఎంత మామూలు మరుపో ఆలోచించండి. కరెంటు పోయిన క్షణంలో చేతిలోని పని వదిలేసి లేవడం ఎవరైనా చేసేదే.

అందువల్ల మీరు దాచిపెడుతున్న విషయం మీ క్లెయిమ్‌కు హాని చేసేది కాదు. దాన్ని దాచడమే హాని చేయగలదు. బీమా ఒప్పందం ఇరుపక్షాల నిజాయితీ మీద ఆధారపడిన ఒప్పందం. తెలిసి ఇచ్చిన తప్పుడు సమాచారం బయటపడితే, నిజంగా కాలిపోయిన వస్తువులకు కూడా డబ్బు ఇవ్వకుండా తిరస్కరించే హక్కును చాలా పాలసీలు కంపెనీకి ఇస్తాయి. అది బయటపడటం కూడా కష్టమేమీ కాదు. మంట మొదలైన చోటు గోడ మీద, నేల మీద గుర్తులు మిగులుస్తుంది. ఇస్త్రీ పెట్టె అడుగు రేకు గది కాలినా బూడిదలో మిగిలే అవకాశమే ఎక్కువ. దాని ప్లగ్గు సాకెట్లో ఉందా, స్విచ్ ఏ స్థితిలో ఉందన్నది అనుభవం ఉన్న పరిశోధకుడు మొదట వెతికే విషయాలు. షార్ట్ సర్క్యూట్ అయినచోట రాగి తీగ చివర కరిగి చిన్న పూసలా గట్టిపడి కనిపించవచ్చు. అయితే వేరే కారణంతో లేచిన మంటల వేడికి తీగ మీది తొడుగు కరిగి షార్ట్ సర్క్యూట్ కావడమూ మామూలే. అంటే అది ప్రమాదానికి కారణమా, ప్రమాదం వల్ల జరిగిందా అన్నది నిపుణులే తేల్చవలసిన ప్రశ్న. మీ మరిది ఒక్క మాటతో తేల్చేశారు. ఆయన ఉద్దేశం మిమ్మల్ని కాపాడాలనే అని మీ ఉత్తరం చదివితే తెలుస్తూనే ఉంది.

ఫారంలో ఇప్పటికే ఆ మాట ఉంది గనుక మీ ముందు మూడు దారులున్నాయి. మౌనంగా ఉండిపోవచ్చు. ఎవరూ అడగకపోతే అలాగే గడిచిపోవచ్చు గానీ, క్లెయిమ్ ముగిసే దాకా ఆ సంతకం మిమ్మల్ని వెంటాడుతుంది. ఓచరు మొత్తం మీద కంపెనీతో వాదనకు దిగినప్పుడు అదే మీ చేతులు కట్టేస్తుంది. రెండవది, అడిగినప్పుడు చెబుదామని ఆగడం. అప్పటికి కంపెనీ చేతిలో వేరే నివేదిక ఉంటే మీరు నిజం చెప్పినా పట్టుబడ్డాక ఒప్పుకున్నట్టే కనిపిస్తుంది. మూడవది, ఎవరూ అడగకముందే మీ అంతట మీరు రాతపూర్వకంగా సరిదిద్దడం. దీనివల్ల విచారణ కొంత పొడిగించవచ్చు, మిమ్మల్ని పిలిపించి మరోసారి వాంగ్మూలం తీసుకోవచ్చు. అయినా నేను మొగ్గేది దీనికే.

సరిదిద్దడం అంటే నేరం ఒప్పుకోవడమని అనుకోకండి. మీకు తెలిసినది ఎంతో అంత మాత్రమే రాయండి: "ప్రమాద కారణం నాకు కచ్చితంగా తెలియదు. ఫారంలో షార్ట్ సర్క్యూట్ అని రాసినది ఊహ మాత్రమే. ఇంటి నుంచి బయలుదేరే ముందు ఆ గదిలో ఇస్త్రీ చేస్తుండగా కరెంటు పోయింది. స్విచ్ ఆపినదీ లేనిదీ నాకు గుర్తు లేదు." దీనికి ఒక్క మాట ఎక్కువా అక్కర్లేదు, తక్కువా పనికిరాదు. "నేనే తగలబెట్టుకున్నాను" అన్న మాట మీ దుఃఖంలోంచి వచ్చింది. అది వాస్తవమని మీకూ తెలియదు కాబట్టి కాగితం మీద దానికి చోటివ్వకండి. అగ్నిమాపక శాఖ నివేదిక నకలు ఇంకా తీసుకోకపోతే ముందు అది తెప్పించుకొని చదివి, ఆ తరువాతే ఈ ఉత్తరం పంపండి. ఆ నివేదికలో కారణం ఏమని రాశారో తెలుసుకోకుండా మీరు ఏ వాక్యమూ రాయకూడదు.

ఇక ఇంట్లో లేని బీరువా, సోఫాల సంగతి. ఈ విషయంలో మాత్రం మీ ముందు దారులు పెట్టలేను. చేర్చకండి. కంపెనీ కోస్తుంది కాబట్టి పెంచి అడగాలన్న వాదన చాలా ఇళ్ళలో వినిపిస్తుంది గానీ, లేని వస్తువు ఒక్కటి జాబితాలో దొరికితే సర్వేయర్ మిగతా వస్తువులన్నిటినీ అదే అనుమానంతో చూస్తాడు. పాలసీలోని మోసం షరతు కింద మొత్తం క్లెయిమ్ పోవడానికీ ఆ ఒక్కటి చాలు. నా అనుభవంలో కుటుంబాలు నష్టపోయేది తక్కువ అడగడం వల్ల కాదు, నిజంగా పోయినవాటిని మరిచిపోవడం వల్ల. కప్పుకు తగిలించిన ఫ్యాన్లు, కర్టెన్లు, పరుపులు, దిండ్లు, దుప్పట్లు, చెప్పులు, కళ్ళజోళ్ళు, పిల్లల పుస్తకాలు, అటక మీది సామాను ఒక్కొక్కటిగా చూస్తే చిన్నవే. అన్నీ కలిపితే మీ మరిది చెప్పిన బీరువా ఖరీదును సులువుగా దాటిపోతాయి.

జాబితా రాయడానికి నేను సూచించే పద్ధతి ఇది. ఇంట్లో అందరూ ఒకచోట కూర్చోండి. గది తలుపు దగ్గర నిలబడినట్టు ఊహించుకొని, ఎడమ గోడ నుంచి మొదలుపెట్టి గది చుట్టూ తిరుగుతూ నేల నుంచి కప్పు దాకా ఏమేమి ఉండేవో చెప్పుకుంటూ రాయండి. బీరువా తలుపులు, సొరుగులు ఒక్కొక్కటే తెరిచినట్టు ఊహించుకోండి. ప్రతి వస్తువుకూ ఎప్పుడు కొన్నారు, అప్పటి ధర, అలాంటిదే ఇప్పుడు కొంటే అయ్యే ధర, మీ దగ్గరున్న ఆధారం రాయండి. బిల్లులు కాలిపోయాయని మీరు దిగులుపడ్డారు. బిల్లు ఒక్కటే ఆధారం కాదు. పుట్టినరోజు ఫోటోల్లో, పండుగ వీడియోల్లో మనుషుల వెనక ఇంటి సామానంతా కనిపిస్తుంది. అవి మీ ఫోన్లో లేకపోయినా బంధువుల ఫోన్లలో ఉంటాయి. కార్డు ఖాతా వివరాలు, ఆన్‌లైన్ కొనుగోళ్ళ చరిత్ర, సర్వీసు చేసినవాళ్ళు పంపిన సందేశాలు పనికొస్తాయి. కాలిన ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ ఇంకా ఉంటే వాటి వెనకవైపు రేకు మీద అచ్చువేసిన మోడల్ నంబరు చాలాసార్లు మిగిలే ఉంటుంది. తడిగుడ్డతో మసి తుడిచి దగ్గర నుంచి ఫోటో తీయండి. ఆధారం లేని వస్తువును వదిలేయనక్కర్లేదు. ఆధారం లేదని పక్కనే రాసి జాబితాలో ఉంచండి.

సర్వేయర్ రాకముందే కాలిన సామాను పారబోయడం మంచిది కాదు, నిజమే. నష్టం ఇంకా పెరగకుండా చూసే బాధ్యత బీమా చేయించుకున్నవారి మీద ఉంటుంది గనుక కప్పు మీద టార్పాలిన్ పరచడం, నీళ్ళు తోడిపోయడం, విరిగిన తలుపుకు తాళం వేయించడం చేయవలసిన పనులే, వాటి ఖర్చు రసీదులతో అడగవచ్చు. శిథిలాల తొలగింపు మాత్రం ఫోటోలు తీశాక, కంపెనీకి చెప్పాక జరగవలసింది. అయిపోయినదానికి భర్తను నిందించి ప్రయోజనం లేదు. పిల్లలు అటు వెళ్ళి గాయపడకూడదని చేశానని ఆయన చెప్పినట్టు మీరే రాశారు. ఆ కారణాన్ని, తేదీని, తీసేసిన సామాను స్థూలంగా ఏమిటన్నదాన్ని ఒక కాగితం మీద రాయండి. ఆ రోజు పక్కింటివాళ్ళు తీసిన ఫోటోలుంటే అడిగి తీసుకోండి, మోసిన కూలీల చేత రెండు వాక్యాలు రాయించండి. వివరణ ముందే ఇస్తే సందేహానికి చోటు తగ్గుతుంది. మిగిలినదాన్ని మాత్రం ఇకపై కదిలించకండి.

ఇప్పుడు ఓచరు దగ్గరికి వద్దాం. మీరు జతపరిచిన నకలును చదివాను. అందులో లెక్క కట్టింది భవనం నష్టానికి మాత్రమే. కింద సంతకం చేయవలసిన చోట ఉన్న వాక్యం మాత్రం "ఈ ప్రమాదానికి సంబంధించిన క్లెయిములన్నిటికీ పూర్తి, తుది పరిష్కారంగా" స్వీకరిస్తున్నట్టు చెబుతోంది. సామాన్ల జాబితా మీరింకా ఇవ్వనే లేదు. ఇప్పుడు సంతకం పెడితే, ఎవరూ లెక్కించని సామాన్ల నష్టాన్ని కూడా వదులుకున్నట్టు రాసిచ్చినట్టే అవుతుంది. తరువాత దాన్ని తిరగదోడాలంటే ఒత్తిడి చేసి లేదా తప్పుదోవ పట్టించి సంతకం తీసుకున్నారని మీరు నిరూపించాలి. అది సులువైన పని కాదు.

మొత్తం ఎందుకు తగ్గిందో ముందు అర్థం చేసుకోండి. కోత రెండు చోట్ల పడింది. మొదటిది తరుగుదల. ఇల్లు పాతది కాబట్టి కొత్తగా కట్టే ఖర్చులోంచి వయసుకు తగినంత తీసేశారు. మీ పాలసీ మొదటి పేజీలో పరిహారం ప్రాతిపదిక పునర్నిర్మాణ విలువ అని ఉందో, మార్కెట్ విలువ అని ఉందో చూడండి. పునర్నిర్మాణ విలువ అని ఉంటే ఈ కోత శాశ్వతం కాకపోవచ్చు. అటువంటి పాలసీల్లో చాలావరకు, ముందు తరుగుదల తీసేసిన మొత్తం ఇచ్చి, మీరు నిర్ణీత గడువులో నిజంగా కట్టించి బిల్లులు చూపాక మిగతాది ఇస్తారు. అంటే ఇప్పుడు వచ్చినది మొదటి విడత కావచ్చు. తుది పరిష్కారమని సంతకం పెడితే రెండవ విడత పోతుంది. మార్కెట్ విలువ అని ఉంటే తరుగుదల న్యాయమే. అయినా ఎంత శాతం తీశారు, ఇంటి వయసు సరిగ్గా వేశారా, ఈమధ్య మీరు మార్పించిన కిటికీలకూ వైరింగుకూ పాత ఇంటి లెక్కే వేశారా అన్నది అడగవచ్చు.

రెండవ కోత ఇంటి విలువకు తగినంత బీమా లేకపోవడం వల్ల వచ్చింది. ఇల్లంతా మళ్ళీ కట్టడానికి వంద పాళ్ళు ఖర్చవుతుందనుకుందాం, మీరు డెబ్బై పాళ్ళకే బీమా చేశారనుకుందాం. నష్టం నలభై పాళ్ళయితే, బీమా మొత్తం అంతకన్నా ఎక్కువే ఉంది కదా, నలభై ఇస్తారని అందరూ అనుకుంటారు. ఇచ్చేది ఇరవై ఎనిమిది. మిగతా ముప్పై శాతానికి మీకు మీరే బీమాదారు అయినట్టు లెక్క. మీ పాలసీ బ్యాంకు ఇప్పించినది గనుక బీమా మొత్తం అప్పుకు సరిపడా పెట్టి ఉంటారు. అప్పు మొత్తానికీ ఇల్లు కట్టే ఖర్చుకూ సంబంధం లేదు. ఈ సూత్రాన్ని మీరు మార్చలేరు. దానిలో వాడిన అంకెను మాత్రం ప్రశ్నించవచ్చు. సర్వేయర్ ఇంటి విస్తీర్ణం ఎంత రాశారో చూడండి. ప్రహరీ, మేడ మెట్లు, బాల్కనీ కూడా పూర్తి గది ధరకే లెక్కించారా, స్థలం విలువ పొరపాటున కలిసిందా చూడండి. స్థలం కాలదు, కాబట్టి ఆ లెక్కలో అది ఉండకూడదు. భవనానికీ సామాన్లకూ వేర్వేరు బీమా మొత్తాలుంటే ఈ నిష్పత్తిని కూడా వేర్వేరుగానే చూడాలి. కొన్ని పాలసీలు కొంత శాతం వరకు ఈ తేడాను లెక్కలోకి తీసుకోబోమని చెబుతాయి, ఆ వాక్యం మీ పాలసీలో ఉందేమో వెతకండి. ఈ ఒక్క అంకె సరైతే మొత్తం లెక్క కింది దాకా మారుతుంది. మీ శ్రమలో ఎక్కువ భాగం ఇక్కడే పెట్టండి.

మేస్త్రీ నోటిమాటగా చెప్పిన ఖర్చు దీనికి చాలదు. ఒక సివిల్ ఇంజనీరు చేత గదివారీగా కొలతలతో అంచనా వేయించి, సర్వేయర్ నివేదిక నకలు తెప్పించుకొని, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. తరచుగా తప్పిపోయేవి శిథిలాల తరలింపు, కాలిన గదికే కాక ఆ లైనంతటికీ వైరింగు మార్పు, పొగచూరిన గదుల రంగులు, ఇంజనీరు ఫీజు. ఇంజనీరు వచ్చినప్పుడు పడకగది పైకప్పునూ దూలాలనూ ప్రత్యేకంగా చూపించండి. పెచ్చులూడిన చోట కాంక్రీటు గులాబీ రంగుకు తిరిగితే అక్కడ వేడి 300 డిగ్రీల సెల్సియస్ దాటిందనడానికి అది సూచన కావచ్చు. అక్కడి నుంచి కాంక్రీటు బలం తగ్గడం మొదలవుతుంది. 600 డిగ్రీలకు చేరువయ్యేసరికి లోపలి ఉక్కు బలం దాదాపు సగానికి పడిపోతుంది. చల్లారాక ఉక్కు కొంత కోలుకోవచ్చు గానీ కాంక్రీటు కోలుకోదు. పైన ప్లాస్టరింగు చేసి రంగేస్తే ఇదంతా కనబడకుండా పోతుంది, ఆ కప్పు కింద పడుకునేది మీ పిల్లలు. పరీక్ష నివేదిక చేతికి వచ్చేదాకా భవనం లెక్క పూర్తయిందని ఒప్పుకోకండి.

పొగ మాత్రమే తాకిన వస్తువుల విషయంలోనూ తొందర వద్దు. వైర్ల తొడుగుల్లో, పైపుల్లో ఉండే పీవీసీ కాలినప్పుడు హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వెలువడుతుంది. అది తేమతో కలిస్తే ఆమ్లమవుతుంది. మసితోపాటు టీవీలోకి, కంప్యూటర్లోకి, మీ కుట్టు మిషన్ల మోటార్లలోకి చేరి లోహాన్ని మెల్లగా తినేస్తుంది. బాగానే పనిచేస్తున్నట్టు కనిపించిన వస్తువు కొన్ని వారాల తరువాత ఆగిపోవచ్చు. వాటిని ఆన్ చేసి చూడకుండా, ముందు మెకానిక్ చేత తెరిపించి పరీక్షింపజేసి, ఆయన రాతను జాబితాకు జతచేయండి. మంటలార్పిన నీళ్ళ వల్ల కలిగిన నష్టం కూడా అగ్నిప్రమాద నష్టంలో భాగమే కాబట్టి కింది అంతస్తును జాబితాలో వదిలేయకండి.

ఓచరు విషయంలో మీరు చేయగలిగినవి ఇవీ. ఉన్నదున్నట్టు సంతకం పెడితే డబ్బు త్వరగా వస్తుంది, అంతటితో వ్యవహారం ముగుస్తుంది. పూర్తిగా నిరాకరించి వివాదానికి వెళితే మీ హక్కులన్నీ నిలుస్తాయి. నెలలు పట్టవచ్చు, అద్దె ఆగదు. మధ్యలో ఉన్నది, భవనం నష్టంలో వివాదం లేని మొత్తాన్ని తాత్కాలిక చెల్లింపుగా ఇమ్మని, "మిగిలిన హక్కులకు భంగం లేకుండా" అన్న మాటతో ఓచరు మార్చి పంపమని రాతపూర్వకంగా కోరడం. కంపెనీ ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకోకపోతే కంపెనీలోని ఫిర్యాదుల విభాగానికి, అక్కడా తేలకపోతే బీమా ఫిర్యాదులను విచారించి పరిష్కరించే, చాలా దేశాల్లో ఉన్న బీమా అంబుడ్స్‌మన్ వంటి వ్యవస్థకు, ఆపైన కోర్టుకు వెళ్ళవచ్చు. ప్రతి మెట్టుకూ గడువు ఉంటుంది. దాన్ని పాలసీ పత్రంలోనే చూసుకోండి. మీ భర్త అలసటను నేను చిన్నచూపు చూడటం లేదు. అందుకే నిరాకరణ కంటే ఈ మధ్య మార్గం మీ ఇంటి పరిస్థితికి తగినదని నా అభిప్రాయం. ఇల్లు నివాసయోగ్యం కానంతకాలం అద్దె చెల్లించే నిబంధన మీ పాలసీలో ఉందేమో కూడా చూడండి. ఉంటే ఆయన తొందరకు సగం కారణం తీరుతుంది.

మీ తరఫున కంపెనీతో మాట్లాడే వృత్తినిపుణులు కొన్ని చోట్ల ఉంటారు. వచ్చిన మొత్తంలో వాళ్ళు శాతం తీసుకుంటారు కాబట్టి, ఇంజనీరు అంచనా చేతికి వచ్చాక, తేడా పెద్దదని తేలితేనే ఆలోచించండి. ప్రమాదం జరిగిన వారంలోనే తలుపు తట్టి సంతకం అడిగినాయన గురించి మీరు రాశారు. ఆయనకు సంతకం ఇవ్వకపోవడం మంచిపని.

కుట్టు మిషన్ల గది మిగిలింది. ఇంట్లో వ్యాపారం జరిగే సంగతి బీమా కంపెనీకి ముఖ్యమైన సమాచారమే. దాన్ని చెప్పకపోవడం ఎంత తీవ్రమైనదన్నది, పాలసీ తీసుకునేటప్పుడు నింపే ప్రపోజల్ ఫారంలో ఆ ప్రశ్న అడిగారా, అడిగితే ఏం జవాబిచ్చారు అన్నదాని మీద ఆధారపడుతుంది. ఆ ఫారం నకలు బ్యాంకు నుంచి తెప్పించుకోండి. అడగనే లేదని తేలితే, లేదా కుట్టుపని పాలసీ తీసుకున్నాక మొదలైనదైతే, మీ స్థితి మెరుగ్గా ఉంటుంది. మధ్యలో వచ్చిన మార్పును తెలియజేయాలన్న షరతు ఉందేమో మాత్రం చూడాలి. అబద్ధపు జవాబు ఉందని తేలితే కంపెనీకి ఏమీ రాయకముందే ఒక న్యాయవాదిని కలవండి. మంట మొదలైనది పై గదిలో, కుట్టుపనితో దానికి సంబంధం లేదు. ఆ వాదన బలమైనదే గానీ అన్నిచోట్లా చాలదు. మిషన్లను ఇంటి సామాన్లలో కలిపి దాచేయకుండా విడిగా, వాటి ఉపయోగంతో సహా చూపండి. కంపెనీ వాటిని మినహాయించవచ్చు. మిగతా జాబితా మీద నమ్మకం మాత్రం నిలుస్తుంది.

తడిసిపోయిన ఖాతాదారుల బట్టలు మీ సొత్తు కావు గనుక, ఇతరుల వస్తువులకు కూడా వర్తించే వాక్యం పాలసీలో ఉంటే తప్ప వాటికి పరిహారం రాకపోవచ్చు. ఎవరి బట్ట ఏది, ఎంతవరకు కుట్టారు, విలువెంత అని విడి జాబితా రాసి కంపెనీకి ఇవ్వండి. ఖాతాదారులకు మాత్రం బీమా డబ్బు వస్తే ఇస్తానని మాట ఇవ్వకండి. మీరు సొంతంగా ఎంత, ఎప్పటికి ఇవ్వగలరో అదే చెప్పండి.

బ్యాంకును మరిచిపోకండి. ఇల్లు తనఖాలో ఉంది కాబట్టి భవనం తాలూకు చెక్కు నేరుగా బ్యాంకుకు వెళ్ళవచ్చు. దాన్ని అప్పులో జమ చేసుకుంటే ఇల్లు బాగుచేయడానికి చేతిలో ఏమీ మిగలదు. పని జరిగేకొద్దీ విడతలుగా విడుదల చేయమని ఇప్పుడే అర్జీ పెట్టండి, కిస్తీలకు కొంత వెసులుబాటు ఇమ్మని అదే అర్జీలో అడగండి. కిస్తీలు చెప్పకుండా ఆపేస్తే మీ మాటకు అక్కడ విలువ తగ్గుతుంది.

వరుసగా చేయవలసినవి చెబుతాను. ఓచరులో రాసిన గడువు లోపల, సంతకం పెట్టకుండా, సామాన్ల నష్టం ఇంకా లెక్కించలేదని చెబుతూ సర్వేయర్ నివేదిక నకలు కోరుతూ కంపెనీకి ఈ వారమే ఉత్తరం పంపండి. అగ్నిమాపక నివేదిక రాగానే ఇస్త్రీ పెట్టె గురించిన సవరణ పంపండి. సామాన్ల జాబితా ఆ తరువాత ఇవ్వండి. దానికి గడువు చాలదనుకుంటే ముందే రాసి పొడిగింపు అడగండి. అన్నీ రసీదు వచ్చే పద్ధతిలో పంపి నకళ్ళు ఒకే ఫైల్లో ఉంచండి. మొదటి ఉత్తరం మీద మీతోపాటు మీ భర్త సంతకం కూడా ఉండాలి, ఎందుకంటే పాలసీ ఇద్దరి పేరు మీదా ఉంది.